చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం

ముందు మా ఇంటి సంగతి చెప్పి, తర్వాత లోకం సంగతికి వస్తాను.

2023 మే నెల. మా చిన్నదానికి మూడో ఏడు నడుస్తోంది. ఓ పెళ్లికి వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున్నే దానికి విరేచనాలు పట్టుకున్నాయి. రెండు, మూడు, అయిదు... తర్వాత లెక్కపెట్టడం మానేశాను. తెనాలి నుంచి మా అత్తగారు ఫోన్లో, "నీళ్లెక్కువ పట్టకమ్మా, పట్టినకొద్దీ పోతూనే ఉంటుంది. ఓ పూట కడుపు ఎండగడితే అదే కట్టుకుంటుంది" అన్నారు. నేనా, డిగ్రీ చదివినదాన్ని! ఆవిడ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసి, మా వారిని మందుల షాపుకి తరిమాను. ఆయన నాలుగు అట్టపెట్టెలు పట్టుకొచ్చారు. మీద నారింజపండు బొమ్మ, దాని పక్కన ఇంతలేసి అక్షరాల్లో ‘ఓఆర్‌ఎస్‌’ అని పేరు, ఓ మూలన స్ట్రా. పిల్ల ఇష్టంగా తాగింది. అంత తియ్యగా ఉంటే ఎందుకు తాగదూ? సాయంత్రానికి మూడు పెట్టెలు ఖాళీ. "చూశారా, ఎలా తాగుతోందో" అని మా వారితో గొప్పగా అన్నాను కూడా.

విరేచనాలు తగ్గలేదు సరికదా, నీళ్లు నీళ్లుగా మొదలయ్యాయి. రాత్రి తొమ్మిదయ్యేసరికి పిల్ల కళ్లు లోతుకి పోయాయి. పిలిస్తే బరువుగా రెప్పలెత్తి చూసి మళ్లీ మూసుకుంది. ఏడుస్తోంది గానీ కళ్లల్లో నీళ్లు రావడంలేదు. ఆ పొడి ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్రపట్టదు.

ఆస్పత్రిలో డాక్టరుగారు ఏం పట్టించారమ్మా అంటే, మిగిలిన పెట్టె సంచీలోంచి తీసి ధీమాగా ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వెనక్కి తిప్పి వేలితో చూపించారు. చీమ తలకాయంత అక్షరాల్లో, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్‌ కాదు అని ఇంగ్లీషులో రాసి ఉంది. "చదువుకున్నవారే కదమ్మా" అన్నారాయన. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మూడు రోజులు సెలైన్ ఎక్కించాక పిల్ల లేచి కూర్చుని పెరుగన్నం అడిగింది.

అదే ఏడు వానాకాలంలో, మా ఇంట్లో పనిచేసే అమ్మాయి రెండు రోజులు రాలేదు. మూడోరోజు వచ్చి, "బాబుకి బాగోలేదమ్మా, పళ్లొస్తున్నాయి, విరేచనాలు" అంది. ఏం పట్టించావే అని అడిగాను. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పొడి ప్యాకెట్టు ఇచ్చిందట. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను కొన్నలాంటి పెట్టె కాదు, అసలు సిసలు ఓఆర్‌ఎస్‌. మరి ఎలా కలిపావు అంటే, "గ్లాసులో పోశానమ్మా" అంది. ఏ గ్లాసు? టీ గ్లాసు! లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్టంతా టీ గ్లాసుడు నీళ్లలో. చిక్కగా ఉంటే బలమనుకుందట. పిల్లాడు ఉప్పగా ఉందని ఉమ్మేశాడు గనక సరిపోయింది, లేకపోతే ఆ ఉప్పు వాడికి ఎంత చేటు చేసేదో.

నేను వస్తువే తప్పు కొన్నాను. దానికి సరైన వస్తువే అందింది గానీ, వాడే తీరు అందలేదు. చదువుకున్నదాన్ని నేనూ, చదువులేనిది అదీ, ఇద్దరం ఒకే గోతిలో పడ్డాం. మా ఇద్దరికీ చేతికి ఏదో ఒకటి ఇచ్చినవాళ్లున్నారు. ఆ చేతికి నేర్పినవాళ్లు లేరు. నేను చెప్పదలుచుకున్నదల్లా ఈ ఒక్క ముక్కే. కానీ ఇది చెప్పడానికి మనం బంగ్లాదేశ్ దాకా వెళ్లిరావాలి.

బంగ్లాదేశ్ అనగానే మనకి తుఫాన్లూ, వరదలూ, ఆకలీ గుర్తొస్తాయి. జాలిపడటానికి తప్ప నేర్చుకోవడానికి ఆ దేశం పేరెత్తం. మా ఆస్పత్రి అనుభవం తర్వాత, అసలు ఈ ఓఆర్‌ఎస్‌ ఏమిటి, ఎక్కడిది అని కనిపించిందల్లా చదవడం మొదలుపెట్టాను. ఎక్కడ మొదలెట్టినా దారి అక్కడికే తీసుకెళ్లింది.

విషయం చాలా చిన్నది. విరేచనాల్లో ప్రాణం తీసేది చాలాసార్లు క్రిమి కాదు, ఒంట్లోంచి పోయే నీరూ ఉప్పూ. పోయినదాన్ని పోయినట్టే తిరిగి నింపగలిగితే పిల్ల గట్టెక్కుతుంది. కానీ ఉత్త నీళ్లని ఆ స్థితిలో పేగు సరిగా పీల్చుకోదు. ఉప్పు నీళ్లూ అంతే. ఉప్పుకి తగుపాటి చక్కెర తోడైతే మాత్రం, చక్కెర చెయ్యి పట్టుకుని ఉప్పు లోపలికెళ్తుంది, ఉప్పు వెనకాలే నీళ్లూ వెళ్తాయి. ఆ ‘తగుపాటి’ అన్న మాటలోనే ఉంది అంతా. చక్కెర మరీ ఎక్కువైతే అదే ఒంట్లో నీటిని పేగులోకి లాగి విరేచనాలు పెంచుతుంది. ఉప్పు ఎక్కువైతే మెదడుకే ముప్పు. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెబుతున్న లెక్క ప్రకారం లీటరు నీళ్లకి గ్లూకోజు పదమూడున్నర గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ఇవిగాక కాస్త పొటాషియం, కాస్త సిట్రేటు. నేను పట్టించిన పెట్టెల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు.

ఈ లెక్కని మనుషుల మీద మొదట రుజువు చేసిన చోట్లలో ఢాకా ఒకటి. అప్పుడది తూర్పు పాకిస్తాన్. అక్కడి కలరా పరిశోధనశాలలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర అమెరికన్ డాక్టర్లు 1968లో, తాగించే ద్రావణంతో కలరా రోగుల్ని నిలబెట్టవచ్చని చూపించారు. అయినా పెద్ద డాక్టర్లు నమ్మలేదు. సెలైన్ సీసా, సూది, నర్సు, మంచం ఉంటేనే వైద్యం. కలిపిన నీళ్లు తల్లి తాగిస్తే వైద్యమెలా అవుతుంది?

1971లో యుద్ధం వచ్చింది. కోటిమంది దాకా శరణార్థులు సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. పశ్చిమ బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్ ఊరి ఆస్పత్రిలో కలరా రోగులు నేలమీద కూడా పట్టలేదు. దిలీప్ మహలనబీస్ అనే బెంగాలీ డాక్టరు అక్కడికి వెళ్లేసరికి పరిస్థితి అది. సెలైన్ సీసాలు నిండుకుంటున్నాయి. సూది గుచ్చడం తెలిసిన చేతులు ఇద్దరివో ముగ్గురివో. అప్పుడాయన తెగించారు. కలకత్తాలో గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కొలిచి సంచుల్లో కట్టించి తెప్పించారు. కుళాయి బిగించిన డ్రమ్ముల్లో కలిపి, రోగుల పక్కనున్న అమ్మకి, అక్కకి, మొగుడికి గ్లాసిచ్చి తాగించమన్నారు. మిగతా చోట్ల నూటికి ముప్పయి దాకా పోతుంటే, ఆయన శిబిరంలో మరణాలు 3.6 శాతానికి దిగాయి.

తాగించింది ఎవరు? డాక్టర్లు కాదు. పక్కన కూర్చుని ఏడుస్తున్నవాళ్లు. ఏడిచే చేతికి పని దొరికింది. 1978లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రిక, ఈ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ఆవిష్కరణ ఇదే కావచ్చునని రాసింది. మహలనబీస్‌గారు 2022 అక్టోబరులో కన్నుమూశారు. 2023లో మన ప్రభుత్వం ఆయన పేరున పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆ వార్త వచ్చిన నాలుగు నెలలకే నేను మందుల షాపులో నారింజపండు పెట్టెలు కొనిపించాను!

ఇంతవరకూ డాక్టర్ల కథ. నాకు ఆశ్చర్యం కలిగించింది దీని తర్వాతి సంగతి.

యుద్ధం అయిపోయాక 1972లో, ఫజ్లే హసన్ అబేద్ అనే ఆయన బ్రాక్ అనే సంస్థ పెట్టాడు. ఈయన డాక్టరు కాదు. అకౌంట్లు చదివి, చమురు కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసినవాడు. సుల్లా అనే మారుమూల ప్రాంతంలో, తిరిగొచ్చిన శరణార్థులకి ఇళ్లు కట్టివ్వడంతో మొదలెట్టాడు. 1979 అంతర్జాతీయ బాలల సంవత్సరం. పిల్లల కోసం ఏదైనా చెయ్యాలనుకున్నారు. మన దగ్గరైతే ఏం చేస్తాం? బెలూన్లు ఎగరేసి, వ్యాసరచన పోటీలు పెట్టి, బహుమతి ప్రదానంతో ముగిస్తాం. వాళ్లు, దేశంలో ప్రతి ఇంటికీ వెళ్లి ప్రతి తల్లికీ ఈ నీళ్లు కలపడం నేర్పుదామనుకున్నారు. ప్రతి ఇంటికీ!

ప్యాకెట్లు పంచే స్తోమత లేదు. పంచినా మళ్లీ విరేచనాలైతే మళ్లీ ఎవరు తెచ్చిస్తారు? ఇంట్లో ఏముందో చూశారు. ఉప్పు ఉంది. బెల్లం ఉంది. చెంచా లేదు, కొలపాత్ర లేదు. వేళ్లున్నాయి కదా. బొటనవేలూ, పక్కనున్న రెండు వేళ్లూ కలిపి, చూపుడువేలి మొదటి గీత దాకా పట్టినంత ఉప్పు. పిడికెడు బెల్లం. అర్ధశేరు నీళ్లు, అంటే దాదాపు అరలీటరు. ఆ ఇంటి గిన్నెలోనే అర్ధశేరు ఎక్కడికొస్తుందో కొలిచి గుర్తు పెట్టించేవారు. ఎన్నో చేతుల చిటికెలు కొలిచి చూసి, ప్రాణానికి ముప్పులేనంత దగ్గరగా వస్తోందని తేల్చుకున్న తర్వాతే ఊళ్లలోకి దిగారు. తల్లులకి ఈ పని వదిలితే ఉప్పెక్కువ వేసి చంపుకుంటారని భయపడ్డ డాక్టర్లున్నారు మరి.

1980లో మొదలైంది. నేర్పడానికి వెళ్లింది పెద్ద చదువుల్లేని పల్లెటూరి ఆడపిల్లలు. బృందాలుగా ఒక ఊళ్లో మకాం పెట్టి, రోజూ నడుచుకుంటూ చుట్టుపక్కల ఊళ్లకి పోయేవారు. వెంట వంటమనిషి, ఓ పర్యవేక్షకుడు. ఒక్కొక్కళ్లు రోజుకి సుమారు పది ఇళ్లు. ఆడపిల్ల గడప దాటితే ఊరంతా చెవులు కొరుక్కునే చోట, ఆ కాలంలో, అది మామూలు సంగతా?

తల్లికి గుర్తుంచుకోవాల్సిన సంగతులు పది చెప్పేవారు. విరేచనాలంటే ఏమిటి, ఒంట్లో నీరు పోయినట్టు ఎలా తెలుస్తుంది, ఎప్పుడు మొదలెట్టాలి, ఎంత తాగించాలి, తల్లిపాలూ తిండీ మానకూడదు, ఇలాంటివి. చెప్పి ఊరుకోవడం కాదు. తల్లి చేత కలిపించాలి. నేర్పే పిల్ల చెయ్యి పెట్టకూడదు, మాటతోనే సాయం. తప్పు కలిపితే పారబోయించి మళ్లీ కలిపించాలి. తర్వాత ఇద్దరూ రుచి చూడాలి.

దాని తర్వాతది వినండి, అకౌంట్ల మనిషి తెలివంతా ఇక్కడే కనిపిస్తుంది. నెలరోజుల తర్వాత వేరే మనిషి ఆ ఊరొచ్చి, కొన్ని ఇళ్లు ఎంచుకుని, అమ్మా నీకేం గుర్తుంది అని అడిగేవాడు. ఏదీ కలిపి చూపించమనేవాడు. కలిపిన నీళ్లు సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేయించేవారు. నేర్పిన పిల్ల జీతం ఆ జవాబుల్ని బట్టి! తల్లికి ఎక్కువ గుర్తుంటే ఎక్కువ డబ్బు, తక్కువ గుర్తుంటే తక్కువ. ఎన్ని ఇళ్లు తిరిగావు అని కాదు, ఎన్ని కరపత్రాలు పంచావు అని కాదు.

మన బడుల్లో టీచర్లకి ఈ పద్ధతి పెడితే ఎలా ఉంటుందో అని ఒక్క క్షణం అనిపించింది. టీచరమ్మలు నామీద కోప్పడకండి, ఊరికే అన్నాను.

అంతా సాఫీగా జరిగిందనుకోకండి. మొదట్లో లెక్కలు చూసుకుంటే, తల్లులకి పాఠం వచ్చు, అడిగితే పదీ చెబుతారు. కానీ పిల్లకి విరేచనాలైతే నూటికి పదిమంది కూడా ఈ నీళ్లు వాడటంలేదు. ఎందుకని ఆరా తీస్తే తేలిందేమిటి? నేర్పేవాళ్లకే నమ్మకం లేదు. తమ ఇంట్లో ఎవరికైనా విరేచనాలైతే తామే వేరే మందులకి పోతున్నారు. మనం చెప్పే మాట మనమే నమ్మకపోతే అవతలివాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది కదా. అప్పుడు నేర్పేవాళ్లని ఢాకా పిలిపించి, ఇది ఒంట్లో ఎలా పనిచేస్తుందో విడమరిచి చెప్పారు. ఊళ్లలో జనం ముందు తామే తాగి చూపించమన్నారు.

ఇంకో పొరపాటు కూడా దొరికింది. మగవాళ్లని వదిలేశారు. తల్లికి నేర్పితే చాలనుకున్నారు. కానీ ఇంట్లో, "ఆ బెల్లం నీళ్లేమిటి, డాక్టర్ని పిలు" అని మొగుడో మామగారో గదిమితే ఆ తల్లి చేతిలో గిన్నె కింద పెట్టెయ్యాల్సిందే. అందుకని బజార్లలో, మసీదుల దగ్గర మగవాళ్లని కూర్చోబెట్టి చెప్పారు. నాటువైద్యులకీ చెప్పారు. రేడియోలో, టీవీలో చెప్పించారు. ఇది చదివినప్పుడు నాకు మా అత్తగారూ, మా వారూ ఇద్దరూ గుర్తొచ్చారు. మన ఇళ్లల్లో పిల్లకి ఏం పట్టాలో తల్లి ఒక్కతే తేల్చుకునే రోజు ఇంకా రాలేదు.

1990 నాటికి ఇలా కోటీ ఇరవై లక్షలకి పైగా ఇళ్లు తిరిగారు. పదేళ్ల పని. ఒక తరం తల్లులు నేర్చుకున్నారు, కూతుళ్లకి చెప్పారు. తర్వాత ఆ దేశంలో ప్యాకెట్లూ వచ్చాయి. అక్కడ బాగా అమ్ముడుపోయే ప్యాకెట్టు అరలీటరు నీళ్లకి సరిపోయేది. వాళ్లింటి అర్ధశేరు గిన్నెకి సరిగ్గా అతికింది. మనకిచ్చే పెద్ద ప్యాకెట్టు లీటరుకి. లీటరు గిన్నె ఎంతమంది ఇళ్లల్లో ఉంది చెప్పండి? మా పనమ్మాయి టీ గ్లాసు ఎందుకు తీసిందో నాకిప్పుడు అర్థమవుతోంది. చేతికందినది అదే.

2014 నాటి సర్వేలో, బంగ్లాదేశ్‌లో విరేచనాలైన పిల్లల్లో పదిమందికి ఏడుగురి కన్నా ఎక్కువమందికే ఈ నీళ్లు అందాయని తేలింది. మన దేశంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి నూటికి అరవై మంది పిల్లలకి. జింకు మందు అందింది నూటికి ముప్పయి మందికి. రెండు లెక్కలూ వేర్వేరు ఏళ్లవి, అయినా వాళ్లకన్నా మనం ధనిక దేశమని చెప్పుకుంటాం కదా, అందుకని రాశాను.

ఇక ఈ అంతర్జాతీయ సంస్థల సంగతి. యునిసెఫ్‌కి జేమ్స్ గ్రాంట్ అనే ఆయన పెద్దగా ఉన్న రోజుల్లో, 1982లో, ప్రపంచమంతా పిల్లల ప్రాణాలు నిలబెట్టే ఉద్యమం మొదలెట్టారు. ఆయన జేబులో ఎప్పుడూ ఓఆర్‌ఎస్‌ ప్యాకెట్టు ఉండేదట. ఏ దేశాధ్యక్షుడిని కలిసినా అది తీసి చూపించి, దీని ఖరీదెంతో తెలుసా అని అడిగేవాడట. ఆ మనిషికి దణ్ణం పెట్టాలి. 1980 ప్రాంతంలో ఏటా నలభై అయిదు లక్షలకి పైగా చిన్నపిల్లల్ని విరేచనాలు మింగేసేవి. ఇప్పుడది ఏటా నాలుగు లక్షల పైచిలుకుకి దిగింది. మంచినీళ్లు, టీకాలు, తిండి, అన్నిటికీ ఇందులో వాటా ఉంది, ఆ ప్యాకెట్టుకీ ఉంది.

నా పేచీ ఆయనతో కాదు, ఆ తర్వాత ప్యాకెట్టే దేవుడైపోవడంతో. సహాయ సంస్థల పోస్టర్లు చూడండి. ఈగలు ముసిరిన పిల్ల ముఖం, కింద, మీరిచ్చే ఇన్ని రూపాయలతో ఒక ప్రాణం నిలుస్తుంది అని. తల్లి ఉంటే చెయ్యి చాపుకుని ఉంటుంది. నేనూ ఓసారి అలాంటి పోస్టరు చూసి డబ్బు పంపాను, తప్పనను. కానీ ఆ చాపిన చెయ్యే కదా కలపాల్సింది, కొలవాల్సింది, రాత్రి రెండింటికి అయిదు నిమిషాలకో చెంచా తాగించాల్సింది? ఆ చేతికి మనం ఇచ్చామా అని ఒక లెక్క, ఆ చేతికి వచ్చిందా అని ఇంకో లెక్క. మొదటి లెక్క రాయడం తేలిక. లారీలో ఎన్ని పెట్టెలెక్కాయో కాగితం మీద ఉంటుంది. రెండో లెక్క కావాలంటే నెల తర్వాత మళ్లీ ఆ ఇంటికి వెళ్లి, ఆ అరుగు మీద కూర్చోవాలి.

మన దేశంలో 2014 నుంచి అతిసార నియంత్రణ పక్షోత్సవాలు చేశారు. ఆశా కార్యకర్తలు అయిదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకి తిరిగి ప్యాకెట్లు పంచాలి. మంచి పనే, పైగా కలిపే విధానం కూడా చూపించాలని నియమం ఉంది. మరి ఆశాకి ప్రోత్సాహకం దేనికి పెట్టారు? పంచిన ప్యాకెట్టుకి ఒక రూపాయి. రూపాయికి ప్యాకెట్టు ఇవ్వగలదు, పారబోయించి మళ్లీ కలిపించగలదా? ఆమెకి ఇంకా ఎన్ని పనులు! కాన్పుకి తోడు వెళ్లాలి, టీకాలకి పిలుచుకురావాలి, సర్వేలు రాయాలి. నేను ఆశా కార్యకర్తని అనడంలేదు. ఆమె చేతిలో కూడా వస్తువే పెట్టాం, టైము పెట్టలేదు అంటున్నాను.

ప్యాకెట్టు నమ్మకానికి ఇంకో చివర నాలాంటివాళ్లం ఉన్నాం. పేరు చూసి కొనేవాళ్లం. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్‌గారు ఈ తియ్యటి పెట్టెల మీద ఉన్న ‘ఓఆర్‌ఎస్‌’ పేరు తీయించాలని దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు. ఉత్తరాలు రాశారు, వీడియోల్లో చెప్పారు, తెలంగాణ హైకోర్టుకి వెళ్లారు. 2022లో ఆహార భద్రతా సంస్థ, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్‌ కాదు అని పెట్టె మీద రాసుకుంటే పేరులో ఆ మాట వాడుకోవచ్చని సందిచ్చింది. నేను చదవని చీమ తలకాయ అక్షరాలు అవే. చివరికి 2025 అక్టోబరులో ఆ అనుమతి రద్దు చేసి, అసలు లెక్కకి సరిపోని ఏ పానీయం మీదా ఆ మూడక్షరాలు ఉండకూడదని ఆజ్ఞ ఇచ్చింది. ఆ రోజు ఆవిడ కన్నీళ్లు పెట్టుకుంటూ మాట్లాడిన వీడియో చూసి నేనూ ఏడ్చాను. మా వారు, "ఇప్పుడెందుకు ఏడుస్తావు, పిల్ల బాగానే ఉందిగా" అన్నారు. మగవాళ్లకి చెప్పినా అర్థంకాదు కొన్ని.

అయితే ఒక ఆజ్ఞతో పేరు పోయింది గానీ, మన నమ్మకం పోలేదు. రేపు ఇంకో రంగు పెట్టె ఇంకో పేరుతో వస్తే నేను కొననని నాకే పూర్తి ధైర్యం లేదు. మన చేతుల మీద మనకి నమ్మకం తగ్గిపోయింది. గంజి, మజ్జిగ, సగ్గుబియ్యం జావ అంటే పల్లెటూరి మోటుతనం, అట్టపెట్టె అంటే శాస్త్రం. అలాగని పాతదంతా బంగారమనీ అనను. కడుపు ఎండగట్టమన్న మాట పాతదే, ప్రాణం తీసే మాట.

ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట నేనో కథ రాశాను. అందులో ఓ కూలి తల్లి బిడ్డ విరేచనాలతో పోతాడు. తల్లి భూతవైద్యుడి చుట్టూ తిరిగిందని రాసి, అజ్ఞానం మీద నాలుగు వాక్యాలు దట్టించాను. మెచ్చుకుంటూ ఉత్తరాలొచ్చాయి. మొన్న తీసి చదువుకుంటే సిగ్గేసింది. ఆ తల్లికి ఎవరైనా వచ్చి చెప్పారా అన్న ప్రశ్న కథ మొత్తంలో ఎక్కడా లేదు. ఆమె చేత గుండెలు బాదుకునేలా ఏడిపించానే గానీ, గ్లాసుడు నీళ్లు కలిపించలేదు. రాసిన నాకు కలపడం వస్తేగా!

సరే, మా పనమ్మాయి సంగతి. ఓ ఆదివారం దాన్ని వంటింట్లో కూర్చోబెట్టాను. ముందుగా ప్యాకెట్టు, అది దొరక్కపోతే ఇంట్లో కలుపుకునేది. శుభ్రమైన నీళ్లు లీటరు, తల కొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, తల కొట్టిన అర చెంచా ఉప్పు, అంతకి మించి వద్దు. కలిపింది ఒక్కరోజులో వాడెయ్యాలి. విరేచనం అయిన ప్రతిసారీ తాగించాలి, వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ చెంచాతో పట్టాలి. తల్లిపాలు, అన్నం ఆపకూడదు. జింకు బిళ్లలు ఇస్తే విరేచనాలు కట్టినా పద్నాలుగు రోజులూ వెయ్యాలి. పిల్లాడు మగతగా ఉన్నా, కళ్లు లోతుకి పోయినా, తాగలేకపోయినా, రక్తం పడినా ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి. మంచినీళ్ల సీసా ఇచ్చి లీటరెంతో చూపించాను. దాని చేతే కలిపించాను. మొదటిసారి చెంచా గోపురంలా నింపింది, పారబోయించాను. "పంచదార దండగ కదమ్మా" అని గొణిగింది. ఇద్దరం రుచి చూశాం. కన్నీళ్లంత ఉప్పగా ఉండాలి, అంతకన్నా ఎక్కువ ఉండకూడదు.

నెల పోయాక, బ్రాక్‌వాళ్ల మనిషిలాగా నేనే వాళ్లింటికి వెళ్లాను. అడిగితే గడగడా అన్నీ చెప్పింది. జింకు పద్నాలుగు రోజులన్నది నేను మర్చిపోతే అదే గుర్తుచేసింది. ఏదీ కలుపు అన్నాను. సీసా తెచ్చి కచ్చితంగా లీటరు పోసింది. పంచదార డబ్బా తీసింది. డబ్బాలో చెంచా చూసేసరికి నా గుండె గుభేలుమంది. మా టీ చెంచా కాదు, వాళ్లింటి కూర గరిటెంత ఉంది. ఆరంటే ఆరు, తల కొట్టి మరీ వెయ్యబోతోంది. పాఠంలో తప్పేమీ లేదు, దాని తప్పూ లేదు. చెంచా అంటే నా ఇంటి చెంచాయే అనుకున్నది నేను.

మర్నాడు మా వంటింట్లో చెంచా ఒకటి వాళ్లింటికి వెళ్లింది. దానికి ఎర్ర దారం కట్టి, ఉప్పు డబ్బా పక్కన మేకుకి తగిలించుకుందట. పక్కింటివాళ్లు అడిగి పట్టుకెళ్తున్నారు, ఇంకో రెండు ఇవ్వమంటోంది.